స్కౌల్‌హోల్ట్, హోలార్: ఐస్‌లాండ్‌లో రెండు పాత కతోలిక పీఠాలు

పీఠమంటే బిషప్ ఉండే కేంద్రం. ఈ రెండిట్లో స్కౌల్‌హోల్ట్ పెద్దది, పాతది. 1056లో మొదలైంది. రెండో బిషప్ గిస్సుర్ తన సొంత ఎస్టేటునే పీఠానికి రాసిచ్చాడు. ఉత్తరాది వాళ్ల కోసం హోలార్ 1106లో విడిగా ఏర్పడింది.

అసలు తేడా లూథరన్ మతం (కతోలిక చర్చి నుంచి విడిపోయిన ప్రొటెస్టెంట్ శాఖ) వచ్చినప్పుడు తెలిసింది. స్కౌల్‌హోల్ట్ చివరి కతోలిక బిషప్ ఓగ్ముండుర్ ముసలివాడు, చూపు పోయినవాడు. అప్పట్లో ఐస్‌లాండ్‌ను ఏలుతున్న డెన్మార్క్ రాజు మనుషులు 1541లో ఆయన్ని పట్టుకుపోయారు. హోలార్ బిషప్ యోన్ అరాసన్ మాత్రం ఎదురుతిరిగాడు. ఆయన కవి, దేశానికి మొదటి అచ్చుయంత్రం తెప్పించినవాడు. పిల్లల తండ్రి కూడా. అక్కడి చర్చిలో అప్పట్లో అది మామూలే. 1550 నవంబర్ 7న ఇద్దరు కొడుకులతో పాటు ఆయన తల నరికారు, అదీ స్కౌల్‌హోల్ట్‌లోనే! విచారణ కూడా లేకుండా చంపడం ఘోరం.

తర్వాత రెండూ లూథరన్ పీఠాలుగా నడిచాయి. 1784 భూకంపం స్కౌల్‌హోల్ట్‌ను దెబ్బతీస్తే పీఠం రేక్యవిక్‌కు మారింది. హోలార్ 1801లో రద్దయింది. ఒక్కటే చూడాలంటే నేను హోలార్‌కే ఓటేస్తాను. 1763 నాటి రాతి చర్చి అక్కడ ఇంకా ఉంది. స్కౌల్‌హోల్ట్‌లో ఇప్పుడున్నది 1963లో ప్రారంభించిన కొత్త కట్టడం. కతోలిక డయోసిస్ (బిషప్ పాలనలోని ప్రాంతం) మళ్లీ 1968లో ఏర్పడింది, రేక్యవిక్ కేంద్రంగా.