రోమ్ ముందు ఇద్దరు రాణులు

క్రీ.శ. 43లో రోమన్ సేనలు దిగాక బ్రిటన్ తెగలు రాజీపడడమో, తిరగబడడమో తేల్చుకోవాల్సి వచ్చింది.

బ్రిగాంటీస్ తెగ రాణి కార్టిమాండువా రాజీపడింది. 51లో, శరణు కోరి వచ్చిన, రోమ్‌తో పోరాడిన నాయకుడు కారటాకస్‌ను రోమన్లకు పట్టిచ్చింది. 69లో మాజీ భర్త తిరగబడి గద్దె లాక్కుంటే రోమన్ సైనికులే ఆమెను కాపాడి బయటికి తీసుకెళ్లారు.

ఐసీనీ తెగ రాణి బౌడికా కథ చదివితే కడుపు తరుక్కుపోతుంది. ఆమె భర్త కూడా రోమ్‌కు మిత్రుడే. ఆయన పోగానే రోమన్లు రాజ్యం లాక్కుని, ఆమెను కొరడాలతో కొట్టి, కూతుళ్లను చెరిచారు. ఆమె 60-61లో లండన్‌తో సహా మూడు పట్టణాలు తగలబెట్టింది. లండన్‌లో లోతుగా తవ్వితే అప్పుడు కాలిన ఎర్రమట్టి పొర ఇప్పటికీ బయటపడుతుంది. చివరికి ఆమె ఓడిపోయినా నా మనసు ఆమె వైపే.

తర్వాత బాత్ ఊళ్లో వేడినీటి ఊట స్థానిక దేవత సూలిస్‌కు రోమన్ దేవత మినర్వా పేరు జతచేసి గుడి కట్టారు. తమ బట్టలు ఎత్తుకెళ్లిన దొంగకు శాపాలు పెడుతూ, జనం సీసపు రేకుల మీద లాటిన్‌లో రాసి ఆ నీళ్లలో వేసేవారు.