హీరో నాన్న ఎవరో చూసి టికెట్టు కొనండి: విశాఖలో ప్రేమ కామెడీల రీ-రిలీజ్ ఆటలు

టికెట్టు కొనేముందు చూసుకోవాల్సింది హీరో ఎవరని కాదు, హీరో నాన్న ఎవరని. మళ్ళీ తెర మీదికొస్తున్న కాలేజీ ప్రేమ కామెడీలకు ఇంటిల్లిపాదీ వెళ్ళాలనుకుంటే ఇదే మొదటి లెక్క. తండ్రి పాత్ర చెంపదెబ్బలకీ కేకలకీ మాత్రమే ఉన్న సినిమాలో కుర్రాళ్ళు ఎలాగోలా నవ్వుకుంటారు, పెద్దవాళ్ళు అరగంటకే ఫోన్లు బయటికి తీస్తారు. ఆ తండ్రికీ ఓ చమత్కారం, ఓ బలహీనత ఉన్నాయా, ఇక తాతయ్య కూడా కదలరు.

2025లో వచ్చిన ‘లిటిల్ హార్ట్స్’ సంగతే చూడండి. ఎంసెట్ కొట్టలేక లాంగ్ టర్మ్ కోచింగ్‌లో పడ్డ కుర్రాడి కథ. నాన్నగా రాజీవ్ కనకాల. కొడుకు ర్యాంకు సంగతి ఇంట్లో తేలే ఘట్టంలో హాల్లో నవ్వు మూడు విడతలుగా వస్తుంది. మనవడు కొడుకుని చూసి నవ్వుతాడు, తాతయ్య తండ్రిని చూసి నవ్వుతాడు, మధ్యలో కూర్చున్నాయన అటూ ఇటూ చూసి ఆఖర్న నవ్వుతాడు. గాజువాక నుంచి మధురవాడ దాకా ఇంటర్ పిల్లలున్న ఇళ్ళకి ఆ మాటలు కొత్తేం కాదు. మామ్మగారికి మాత్రం ‘లాంగ్ టర్మ్’ అంటే ఇంటర్ అయ్యాక అదే పరీక్షకి మరో ఏడాది చదవడమని ముందే ఓ ముక్క చెప్పి తీసుకెళ్ళాలి. లేదంటే మొదటి అరగంట జోకులు ఆవిడకి అందవు.

దీనికి పెద్దన్న లాంటివాడు జంధ్యాల. ఆయన చాలా సినిమాలు విశాఖలోనే తీశారు. 1982 నాటి ‘నాలుగు స్తంభాలాట’తోనే వీరభద్రరావు, వేలు పేర్ల ముందు ‘సుత్తి’ చేరింది. ‘సుత్తి కొట్టకు’ అని రోజుకి పదిసార్లు అనే ఇంటర్ పిల్లకి ఆ మాటని ఊరూరా తిప్పింది ఈ సినిమానే అని చెప్పి చూపించండి. ప్రేమికుల గొడవ ఎలా ఉన్నా, ఆ జోడీ తెర మీదున్నంతసేపూ వయసుల తేడా కనబడదు.

కానీ మన ఊరి ప్రేమకథలతో ఓ చిక్కుంది. బీచ్, పాటలు, పడుచు జంట చూసి సరదా సినిమా అనుకుంటే దెబ్బతింటాం. 1978 నాటి ‘మరో చరిత్ర’ ఒకరి భాష ఒకరికి రాని అల్లరితో మొదలై చావులతో ముగుస్తుంది. 2009 నాటి ‘ఓయ్!’ పాటలు ఎంత హాయిగా ఉన్నా, కథలో అమ్మాయి జబ్బుంది. ‘కొత్త బంగారు లోకం’ (2008) మధ్యరకం: చివరికి తేలిక మనసుతోనే బయటికొస్తారు గానీ, ప్రకాశ్‌రాజ్ వేసిన నాన్న పాత్ర పోయే సన్నివేశం ఉంది. ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయి ఉంటే ఇంకో సినిమా చూసుకోవడం మేలు. సర్టిఫికెట్టు ఈ సంగతులేవీ చెప్పదు. పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చనే యూఏని 2024 నుంచి 7+, 13+, 16+ అని వయసుల వారీగా మూడుగా విడదీశారు, చిన్నపిల్లల విషయంలో అది పనికొస్తుంది. పాత సినిమాకి పాత సర్టిఫికెట్టే ఉంటే ఆ సాయం కూడా లేదు.

ఇక ప్రింటు. పోస్టరు మీద ‘4కే’ అని ఉంటే పొంగిపోవద్దు. నెగెటివ్‌ని మళ్ళీ స్కాన్ చేసినదానికీ, టీవీ కోసం చేసిన పాత టేపుని సాఫ్ట్‌వేర్‌తో సాగదీసినదానికీ ఆ అంకె ఒకటే. తేడా తెలియాలంటే ట్రైలర్‌ని పెద్ద తెర మీద పెట్టి రెండు చోట్ల ఆపండి. ఒకటి, హీరోయిన్ క్లోజప్: జుట్టు పాయలు విడివిడిగా కనిపించాలి. నుదురూ జుట్టూ కలిసిపోయి ముఖం మైనం పూసినట్టుంటే గ్రెయిన్ (ఫిల్ము మీద సహజంగా ఉండే సన్నటి చుక్కలు) తీసేసే క్రమంలో వివరం కూడా కొట్టుకుపోయిందన్నమాట. రెండు, పేర్లు పడే చోటు: అక్షరాలు అంచుల దగ్గర తెగితే తెర నింపడానికి బొమ్మని కోశారని అర్థం. అలా కోస్తే నలుగురు స్నేహితులు వరసగా నిలబడే షాట్‌లో చివరివాడు మాయమవుతాడు. ఈ సినిమాల్లో సగం నవ్వు ఆ చివరివాడి ముఖంలోనే ఉంటుంది.

ధ్వని మీద ఇంకా కోపం ఉంది. ఎనభైల సినిమాల ట్రాక్ చాలావరకు మోనో, అంటే ధ్వనంతా ఒకే దారిలో. దాన్ని హాలు చుట్టూ స్పీకర్లుండే 5.1కి మార్చేటప్పుడు పాటల్ని చుట్టూ పరిచేసి మాటల్ని మధ్య స్పీకర్‌కి వదిలేస్తారు. పాట రాగానే చెవులు బద్దలవుతున్నాయని ఎవరో అరుస్తారు, ఆపరేటర్ ఫేడర్‌ని (హాలు మొత్తం ధ్వనిని పెంచి తగ్గించే మీట) 7 నుంచి 5కి దించుతాడు, తర్వాత వచ్చే మాటలు గొణుగుడైపోతాయి. జంధ్యాల సినిమాలో మాట పోయిందంటే ఇక మిగిలేదేముంది! అందుకే పక్క వరసల కుర్చీలు వద్దు. వెనక నుంచి మూడో వంతులో, సరిగ్గా మధ్యన తీసుకోండి. ఆ వరసకి ఎన్ని మెట్లెక్కాలో మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళ కోసం ముందే కనుక్కోండి.

ఏ ఆటకి వెళ్ళాలన్నది కూడా తేల్చుకోవాలి. మొదటి రోజు సాయంత్రం ఆట సినిమా కాదు, జాతర. కాగితం ముక్కలు ప్రొజెక్టర్ వెలుగులో ఎగురుతుంటాయి, ప్రతి డైలాగూ హాలే ముందు చెప్పేస్తుంది. పాతికేళ్ళ వాళ్ళకి అదే పండగ. పెద్దవాళ్ళతో అయితే రెండో రోజు మ్యాటినీ సరైనది. మొదటి రోజు ఉదయం ఆటకి మరో ఇబ్బంది: డిజిటల్ ప్రింటు తెరుచుకోవడానికి కావాల్సిన తాళం చెవి లాంటి ఫైలు సమయానికి అందకపోతే ఆట ఆలస్యమవుతుంది. ఇంటర్వెల్లో చిరుతిళ్ళ క్యూ ఓ పట్టాన తెగదు, టాయిలెట్ పని ముందు చూసుకోండి. మురీ మిక్చర్ ఎలాగూ లోపలికి రానివ్వరు, ఆట వదిలాక బీచ్‌లో తినొచ్చు.

థియేటర్ కుదరకపోతే ఇంట్లోనూ బాగానే ఉంటుంది, టీవీలో రెండు మీటలు సరిచేస్తే. బొమ్మని నున్నగా జార్చే మోషన్ సెట్టింగ్ ఆపేయండి, అది పాత సినిమాని సీరియల్‌లా మార్చేస్తుంది. సౌండ్‌లో ‘వాయిస్’ అనో ‘స్పీచ్’ అనో ఉండే మోడ్ పెట్టండి. స్టూడియోలో డబ్బింగ్ చెప్పిన పాత మాటలు స్పష్టంగానే ఉంటాయి. మామ్మగారు ‘ఏవన్నాడూ?’ అని అడిగేది కొత్త సినిమాలకే, అందులో వేగం ఎక్కువ, మీమ్ మాటలు ఎక్కువ. రిమోట్ ఆవిడ చేతికే ఇచ్చి పాజ్ మీట ఎక్కడుందో చూపించండి.