తులూజ్ చుట్టుపక్కల కార్లు రాని గ్రావెల్ దారులు: ఆరేళ్లు తొక్కాక నా మాట

ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న తులూజ్‌కి వచ్చి ఆరేళ్లయింది. ఇక్కడ విమానాల కంపెనీల పుణ్యమా అని మనవాళ్లు బాగానే ఉన్నారు, కొత్తగా వచ్చి సైకిల్ కొన్నవాళ్లు ముందు అడిగేది ఒక్కటే, కార్ల గోల లేకుండా ఎటెళ్లొచ్చు అని. అందరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకేసారి రాసేస్తున్నా. నాది మామూలు అల్యూమినియం గ్రావెల్ బైక్, అంటే కంకర, మట్టి దారుల మీద కూడా తొక్కే సైకిల్, మొదట్లో 35 ఎంఎం వెడల్పు టైర్లు ట్యూబులతో, తర్వాత 42 ట్యూబ్‌లెస్‌కి మారా, ఎందుకు మారానో కింద చెప్తా.

ముందు కెనాల్ దు మిది అనే పాత కాలవ. 1666లో మొదలుపెట్టి 1681కి పూర్తి చేశారు, తవ్వించిన పియెర్ పోల్ రికే అది చూడకుండానే అంతకు కొన్ని నెలల ముందు పోయాడు. తులూజ్ నుంచి సముద్రం పక్కనున్న తో సరస్సు దాకా 240 కి.మీ., గట్టు మీదే దారి. తులూజ్ వైపు మొదటి 50 కి.మీ. తారు, ఆదివారం పిల్లలు, జాగింగ్ వాళ్లు, కుక్కలు, సాయంత్రం ఆఫీసయ్యాక ఓ గంట తొక్కడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ అంతవరకే చూసి కెనాల్ అంటే ఇంతేలే అనుకుని వెనక్కొచ్చేవాళ్లే ఎక్కువ. పోర్ లోరగే దాటి ఓద్ జిల్లాలోకి అడుగుపెట్టాక అసలు సంగతి మొదలవుతుంది. కొన్ని ముక్కలు కంకరేసి చదును చేశారు, మిగతా చోట్ల గడ్డి మధ్యలో హ్యాండిల్ పట్టేంత కాలిబాట, పక్కన మీటరు దూరంలో నీళ్లు, అడుగడుక్కీ ప్లేన్ అనే పెద్ద నీడ చెట్ల వేళ్లు. 35 ఎంఎం టైర్లలో గాలి గట్టిగా కొట్టుకుని వెళ్లినప్పుడు కర్కసోన్ చేరేసరికి అరచేతులు తిమ్మిరెక్కి వాటర్ బాటిల్ మూత తిప్పలేకపోయా. 42 వేసి గాలి తగ్గించాక అదే దారి వేరేలా ఉంది.

చెట్ల సంగతి చెప్పకుండా ఉండలేను. కాలవ పొడుగునా దాదాపు 42,000 ప్లేన్ చెట్లుండేవి, 2006లో కర్కసోన్ దగ్గర ఓ ఫంగస్ తెగులు బయటపడింది, సోకిన చెట్టుకి మందు లేదు, నరికి తగలబెట్టడమే. అలా వేలకి వేలు పోయాయి. ట్రెబ్ చుట్టుపక్కల కొన్ని కిలోమీటర్లు నీడన్నది లేదు, వేరే జాతి మొక్కలు నాటారు గానీ అవి ఎదగాలి కదా. జులై మధ్యాహ్నం ఆ ముక్కలో తొక్కొద్దు, పొద్దున్నే దాటేయండి.

గాలి ఇంకోటి. ఆగ్నేయం నుంచి ఓతాన్ అనే గాలి వీచిందంటే రెండు మూడు రోజులు ఆగదు, తులూజ్ నుంచి బయల్దేరినవాళ్లకి ఎదురుగాలే. అందుకే నేను ముందు గాలి ఎటుందో చూసి, ఒక వైపు రీజినల్ రైల్లో వెళ్లి ఇంకో వైపు తొక్కుతా. నార్బోన్ రైలు దాదాపు కాలవ పక్కనే పోతుంది, కస్తెల్నోదరీ, బ్రామ్, కర్కసోన్ ఎక్కడైనా దిగొచ్చు. వేసవి శని ఆదివారాల్లో సైకిల్ పెట్టే చోటు త్వరగా నిండిపోతుంది, తెల్లవారుజాము రైలు మేలు.

రెండో ఏడాది సెప్టెంబర్‌లో నాన్న తెనాలి నుంచి వచ్చారు. సముద్రం వైపు బేజియే ఊరు దాటాక కాలవ గట్టు మీద ఇద్దరం వెళ్తుంటే పది నిమిషాల తేడాలో నా రెండు టైర్లూ, ఆయన అద్దె సైకిల్ ముందు టైరూ గాలి పోయి కూర్చున్నాయి, అద్దెకిచ్చినవాళ్లు కనీసం పంపు కూడా పెట్టలేదు. నాన్న టైరు తిప్పి తిప్పి చూసి, గోటితో ఒకటి పీకి అరచేతిలో పెట్టుకుని, "ఒరే ఇవి మన పల్లేరు కాయలు రా" అన్నారు. నిజంగా అవే, ఆ ముళ్లూ అవే. ఒక్క టైర్లోంచి తొమ్మిది తీశాం, విరిగి లోపలుండిపోయినవాటిని ఆయన పిన్నీసుతో లాగారు. ఆ వారమే ట్యూబ్‌లెస్ వేయించా, తర్వాత ఈ నాలుగేళ్లలో దారిలో ఆగి టైరు విప్పింది రెండుసార్లే. సముద్రం వైపు వెళ్లేవాళ్లు ట్యూబులతో వెళ్లకండి.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైంది రిగోల్ ద లా ప్లేన్. నల్లకొండల నీళ్లు కాలవలోకి తేవడానికి రికే తవ్వించిన పిల్లకాలవ ఇది, రవెల్ దగ్గర్నుంచి నోరూజ్ దాకా సుమారు 40 కి.మీ. నీరు పల్లమెరుగు అంటారు కదా, పంపుల్లేని కాలం, వాలు ఎక్కడా ఎక్కువ కాకుండా నేల ఎటు వంగితే అటు వంగుతూ తవ్వారు, అందుకే దారి ఓ కిలోమీటరు కూడా తిన్నగా పోదు, పెద్ద చడావూ తగలదు. రెండడుగులు ఎడంగా నీళ్లు, పైన చెట్ల గొడుగు, అవతల పొద్దుతిరుగుడు పొలాలు, కింద గట్టిపడ్డ మట్టి. పొద్దున ఏడింటికి వెళ్తే టైరు కింద ఆకుల చప్పుడు తప్ప ఏం వినపడదు. 189 మీటర్ల ఎత్తులో ఉన్న నోరూజ్ దగ్గర ఆ నీళ్లే రెండుగా చీలి కొన్ని అట్లాంటిక్ వైపు, కొన్ని మధ్యధరా వైపు పోతాయి. శనివారం రవెల్ సంత చూసుకుని, చీజు, పళ్లు కొనుక్కుని కిందికి తొక్కుకుంటూ రావడం మా ఇంట్లో అలవాటైపోయింది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం బురద, చైన్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య ముద్దలు ముద్దలుగా పట్టేస్తుంది. అది వేట సీజన్ కూడా, నారింజ రంగు జాకెట్ లేకుండా వెళ్లొద్దు, వేట జరుగుతోంది అన్న బోర్డు కనపడితే నేనైతే వెనక్కి తిరుగుతా.

నీళ్లకి ఒక చిట్కా, ఊళ్లో షాపులు మధ్యాహ్నం మూసేస్తారు, సోమవారం చాలావి అసలు తియ్యరు, అలాంటప్పుడు శ్మశానం దగ్గర కుళాయి ఉంటుంది. తాగకూడదు అన్న బోర్డు లేకపోతే నింపుకోండి, ఇక్కడి సైక్లిస్టులంతా అదే చేస్తారు.

పెద్దవాళ్లతో, పిల్లలతో అయితే నా ఓటు పాసా పాయీస్‌కి. మజామె నుంచి బెదారియూ దాకా 80 కి.మీ. దాకా ఉంటుంది, పాత రైలు పట్టాలు తీసేసి సన్న కంకరతో చేసిన దారి, రైలు ఎక్కిన వాలు కాబట్టి కాళ్లకి తెలియనే తెలియదు. కూర్నియూ అనే ఊరి ముందు ఓ సొరంగం వస్తుంది, లోపల జులైలో కూడా చలి, సైకిల్‌కి లైటు పెట్టుకోండి.

పల్లేరు కాయల తర్వాతి వారం నాన్నని ఇక్కడికే తీసుకొచ్చా. ముప్పై ఏళ్లు తెనాలి గుంటూరు రోడ్డు మీద లారీల పక్కన సైకిల్ తొక్కిన మనిషి, అలవాటుకొద్దీ ఎడమ అంచుకి జరిగిపోయేవారు, నేను కుడి నాన్నా కుడి అంటూ వెనక రావడం, ఆయన రెండు నిమిషాలకోసారి మెడ తిప్పి వెనక్కి చూడడం. కార్లు రావు నాన్నా అంటే సరే అని మళ్లీ చూసేవారు. సొరంగం దాటాం, సాం పోన్స్‌లో బ్రెడ్ కొనుక్కుని తిన్నాం, ఓలార్గ్ దాటి వంతెన మీదకొచ్చాక గమనించా, దారి మధ్యలో తొక్కుతున్నారు, ఒక చెయ్యి తొడ మీద పెట్టుకుని, చాలాసేపట్నుంచీ వెనక్కి చూడట్లేదు.