42 సైజు హీల్స్ కోసం ఆన్‌లైన్ వేలంలో ఏడాది: కొనడం, తిప్పి పంపడం

నా పాదం పొడవు 26.2 సెంటీమీటర్లు. చెప్పుల దుకాణంలో పనిచేసేవారికి ఈ ఒక్క అంకె చెబితే మిగతా సంగతి అర్థమైపోతుంది. హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో అయినా, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో అయినా, అమీర్‌పేటలో అయినా ఆడవాళ్ల హీల్స్ 40 సైజు దాకా కావలసినన్ని దొరుకుతాయి. 41 అడిగితే లోపలికి వెళ్లి వెతికి ఒకటో రెండో జతలు తెచ్చి చూపిస్తారు. 42 అనగానే "ఆ సైజు రాదు మేడమ్" అన్న జవాబే వినిపిస్తుంది. నిరుడు మా చెల్లెలి పెళ్లి రిసెప్షన్‌కు మూడు అంగుళాల హీల్స్ కావలసి వచ్చి, వారం రోజులు ఊరంతా తిరిగినా దొరకక, వాడిన చెప్పులనూ, వాడకుండా మిగిలిపోయిన చెప్పులనూ వేలం వేసే ఒక ఆన్‌లైన్ వేదికలో చేరాను. ఈ ఏడాదిలో అక్కడ నాలుగు జతలు కొన్నాను. వాటిలో రెండు ఇప్పటికీ తొడుక్కుంటున్నాను, ఒకటి తిప్పి పంపాను, ఒకటి పారేయవలసి వచ్చింది. ఆ వేదిక పేరు ఇక్కడ రాయడం లేదు. నాకు ఎదురైన ఇబ్బందులు ఇలాంటి వేదిక ఏదైనా సరే ఎదురుకాగలవే కాబట్టి, పేరు కన్నా పద్ధతి తెలియడమే చదివేవారికి ఎక్కువ ఉపయోగం.

మన దేశంలో ఆన్‌లైన్ వేలం కొత్త విషయమేమీ కాదు. బాజీ డాట్ కామ్‌ను 2004లో ఈబే కొనుక్కుని ఇక్కడ వేలాలు నడిపింది. ఆ ఈబే ఇండియా సైటు 2018 ఆగస్టులో మూతపడింది. తరువాత మనమంతా నిర్ణీత ధరకు కొని, నచ్చకపోతే తిప్పి పంపడానికి బాగా అలవాటు పడ్డాం. ఆ అలవాటుతోనే వేలంలోకి అడుగు పెట్టడం నేను చేసిన మొదటి పొరపాటు. వేలంలో మనకు దక్కే వస్తువు ఒక్కటే ఉంటుంది, దానికి మారుగా ఇవ్వడానికి పక్క సైజు ఉండదు, "నచ్చలేదు" అన్న కారణానికి అక్కడ చోటే లేదు.

పాట పాడే పద్ధతి మాత్రం చక్కగా ఉంది. బాలాపూర్ గణపతి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షల 1 వెయ్యి రూపాయలకు చేరిన సంగతి మన ఊళ్లో అందరికీ తెలిసిందే. అక్కడ పాట పాడేవారు ఎదురుగా నిలబడతారు, ఎవరు ఎంతదాకా వెళ్లగలరో ముఖం చూసి కొంత పసిగట్టవచ్చు. ఆన్‌లైన్‌లో ఎవరి ముఖమూ కనిపించదు కాబట్టి, మనం ఇవ్వదలచుకున్న గరిష్ఠ మొత్తాన్ని ముందే రాసిపెడితే, అవతలివారి పాటకు ఒక మెట్టు పైన మాత్రమే మన తరఫున వేదికే పాడుతూ పోతుంది. నేను 2,600 రూపాయలు పెట్టిన మొదటి జత 1,750కే దక్కింది, ఎందుకంటే రెండో వ్యక్తి 1,700 దగ్గర ఆగిపోయారు, అక్కడ మెట్టు 50 రూపాయలు. చివరి రెండు నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు మరో రెండు నిమిషాలు పెరుగుతుంది; ఆఖరి క్షణంలో ఎవరో వచ్చి తన్నుకుపోతారన్న బెంగ అందువల్ల లేదు. అమ్మేవారే మారుపేరుతో దొంగపాట పాడి ధర పెంచారని తేలితే 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 64వ సెక్షను ప్రకారం కొన్నవారు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు గానీ, ఇంట్లో కూర్చుని దాన్ని రుజువు చేయడం మనవల్ల అయ్యే పని కాదు. అందుకే నా మొత్తం ముందే రాసిపెట్టి ఫోను పక్కన పడేస్తాను, పాట మీద పాట పెంచుకుంటూ పోను.

అసలు చిక్కంతా సైజులో ఉంది. యూరప్ సైజులో ఒక్కో అంకెకు తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 6.7 మిల్లీమీటర్లు; బ్రిటిష్ సైజులో అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. ఈ రెండు కొలతలూ ఒకదానికొకటి సరిగ్గా పొసగవు కాబట్టి, ఆడవాళ్ల బ్రిటిష్ 8ని ఒక కంపెనీ 41 అంటుంది, ఇంకో కంపెనీ 42 అంటుంది. అమెరికన్ సైజు సంగతి మరీ వేరు. అక్కడ ఆడవాళ్ల 8 అంటే మన దగ్గర వాడుకలో ఉన్న బ్రిటిష్ లెక్కలో సుమారు 6, యూరప్ లెక్కలో 39 దగ్గర. ఒకే అంకె, మధ్యలో రెండు మూడు యూరప్ సైజుల తేడా.

రెండో జత విషయంలో నాకు జరిగింది సరిగ్గా ఇదే. ముదురు ఎరుపు స్వెడ్, చీలమండ దగ్గర సన్నని పట్టీ, సన్నటి హీలు. శీర్షికలో "సైజు 8" అని, కింద వివరాల పట్టికలో "యూకే 8" అని రాసి ఉంది. ఫోటోలు ఆరు ఉన్నాయి, అందులో అడుగుభాగం చూపే ఫోటో మాత్రం సైజు ముద్ర ఉన్న చోటికి వచ్చేసరికి కత్తిరించి ఉంది. అది నేను గమనించలేదు. 2,350 రూపాయలకు పాట దక్కింది, డెలివరీకి 140, "కొనుగోలుదారు రక్షణ" పేరుతో మరో 75, మొత్తం 2,565 కట్టాను. శనివారం మధ్యాహ్నం డబ్బా వచ్చింది. తెరిచి ఎడమ చెప్పులో పాదం పెట్టగానే మడమ రెండు వేళ్ల వెడల్పున బయటే ఉండిపోయింది. లోపలి మెత్త మీద బంగారు రంగులో కంపెనీ ముద్ర, దాని కింద సగం చెరిగిపోయిన చిన్న అక్షరాల్లో "యూఎస్ 8" అని కనిపించింది.

ఆ రాత్రే తిప్పి పంపడానికి దరఖాస్తు పెట్టాను. కారణాల జాబితాలో అన్నింటికన్నా పైన "సైజు సరిపోలేదు" అని ఉంది, నా బాధ కూడా అదే కాబట్టి దాన్నే నొక్కాను. తెల్లారేసరికి దరఖాస్తు తిరస్కరించినట్టు సందేశం వచ్చింది: వేలంలో కొన్నవాటికి సైజు సరిపోకపోవడం వాపసుకు కారణం కాదట. నేను నొక్కవలసింది జాబితాలో ఐదోదైన "వివరణలో చెప్పినట్టు లేదు". ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా ఈ సమీక్ష చదివేవారు అన్నింటికన్నా ముందు గుర్తుపెట్టుకోవలసినది. మొదటి మాట అంటే తప్పు మన పాదానిది అవుతుంది, రెండో మాట అంటే తప్పు అమ్మినవారి రాతది అవుతుంది. రాను పోను డెలివరీ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది కూడా దాని మీదే తేలుతుంది. ఒకసారి కారణం ఎంచుకున్న తరువాత మార్చుకునే వీలు ఇవ్వకపోవడం, సాధారణంగా మనిషి నోటికి వచ్చే మాటనే జాబితాలో పైన పెట్టి దాన్నే చెల్లని కారణం చేయడం ఈ వేదికలో నాకు కనిపించిన పెద్ద లోపం. అమ్మిన ఆవిడకు సందేశం పెడితే "సైజు 8 అని స్పష్టంగా రాశాం మేడమ్" అని ఒక్క వాక్యం వచ్చింది.

అప్పుడు చట్టం చదువుకున్నాను. 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం, వస్తువు లోపంతో వచ్చినా, నకిలీ అయినా, ప్రకటించిన లక్షణాలు దానికి లేకపోయినా అమ్మినవారు దాన్ని వెనక్కి తీసుకోనని గానీ డబ్బు ఇవ్వనని గానీ అనకూడదు. వేదిక ఒక ఫిర్యాదుల అధికారిని నియమించి వివరాలు కనబడేలా పెట్టాలి, ఆ అధికారి ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలియజేసి నెల లోపల పరిష్కరించాలి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది, వాడిన వస్తువుల వేలంలో అది చాలా ముఖ్యం. వ్యాపారంగా కాకుండా, తన సొంత వస్తువును ఎప్పుడో ఒకసారి అమ్ముకునే వ్యక్తికి ఈ నియమాలు వర్తించవు. నాకు చెప్పులు అమ్మిన ఆవిడ ఖాతాలో అప్పటికి 140కి పైగా అమ్మకాలు ఉన్నాయి, మరో 30 జతలు వేలానికి ఉన్నాయి. అది క్రమంగా సాగుతున్న వ్యాపారమే. వివరాల పట్టికలో "యూకే 8" ఉన్న స్క్రీన్‌షాట్, లోపలి ముద్ర ఫోటో, ఆమె అమ్మకాల సంఖ్య, నియమంలోని మాటలు అన్నీ ఒకే మెయిల్‌లో పెట్టి సోమవారం ఫిర్యాదుల అధికారికి పంపాను. మంగళవారం అందినట్టు జవాబు వచ్చింది, గురువారం వాపసుకు ఒప్పుకున్నారు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేద్దామని, అదీ ఫలించకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామని అనుకున్నాను. 2019 చట్టం ప్రకారం అమ్మినవారు ఏ ఊళ్లో ఉన్నా మనం ఉన్న చోటే కేసు వేయవచ్చు. అంతవరకూ రాలేదు.

ఒప్పుకున్న తరువాత కూడా చెప్పులు ఇల్లు దాటడానికి ఎనిమిది రోజులు పట్టింది. రెండుసార్లు కొరియర్ మనిషి రాకుండానే "ఇంట్లో ఎవరూ లేరు" అని నమోదైంది, ఆ రెండు రోజులూ మా అమ్మ పొద్దుటి నుంచి వరండాలోనే కూర్చుని ఉంది. మూడోసారి వచ్చిన అబ్బాయి మాత్రం ఓపికగా డబ్బా విప్పి, రెండు చెప్పుల అడుగులూ ఫోటో తీసుకుని, గీత పడిందేమో వేలితో రాసి మరీ చూశాడు. నేను వాటిని మంచం మీద పరిచిన దుప్పటి మీదే తొడిగి చూశాను కాబట్టి సరిపోయింది. హీల్స్ అడుగు, అందులోనూ తోలు అడుగు అయితే, గచ్చు మీద నాలుగు అడుగులు వేసినా గరుకుదనం తెలిసిపోతుంది, వాడినట్టు లెక్క వేస్తారు. పందొమ్మిదో రోజున 2,490 రూపాయలు ఖాతాలో పడ్డాయి. రక్షణ రుసుము 75 మాత్రం పట్టుకున్నారు. ఏ ఆపద కోసం ఆ రుసుము తీసుకున్నారో ఆ ఆపదే వచ్చినప్పుడు దాన్ని ఉంచుకోవడం న్యాయం కాదని మళ్లీ మెయిల్ రాస్తే నాలుగు రోజుల తరువాత అదీ ఇచ్చారు.

మూడో జతకు ఏ వాపసూ పనికి రాలేదు. "డబ్బాతో సహా కొత్తవి, ఒక్కసారి కూడా తొడగలేదు" అని రాశారు, అది నిజమే. దళసరి మడమ, ముందు వేళ్ల కింద ఒక అంగుళం మందం అడుగు (ప్లాట్‌ఫామ్), చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. మూడోసారి తొడిగిన రోజు ఆఫీసు మెట్లు దిగుతుంటే కుడి అడుగు కింద ఏదో రాలినట్టయింది. చూస్తే ప్లాట్‌ఫామ్ లోపలి నుంచి గోధుమ రంగు ముక్కలు రొట్టె పొడిలా రాలుతున్నాయి. విద్యానగర్ స్టేషను దారిలో చెప్పులు బాగుచేసే పెద్దాయన వాటిని చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కి, "అమ్మా, దీన్ని కుట్టరాదు, అతికిచ్చినా నిలవది, లోపలంత పిండైంది" అన్నాడు. పాలీయురిథేన్ అనే ప్లాస్టిక్ నురుగుతో చేసిన అడుగులు గాలిలోని తేమకు ఏళ్ల తరబడి లోలోపలే విడిపోతాయి, డబ్బాలో కదలకుండా ఉన్నా సరే. అంటే ఇలాంటి అడుగున్న చెప్పులకు "కొత్తవి, తొడగలేదు" అన్న మాట భరోసా కాదు, ఎప్పుడు తయారైనవో అడిగి తెలుసుకోవలసిందే. ఈ వేదికలో ఫిర్యాదు గడువు చెప్పులు చేరిన తరువాత 72 గంటలే, అది ఎప్పుడో దాటిపోయింది. అమ్మినవారు అబద్ధం చెప్పలేదు కాబట్టి వారిని తప్పుపట్టలేను. 72 గంటల గడువును మాత్రం తప్పుపడతాను, ఎందుకంటే పాత హీల్స్‌లో ఉండే జబ్బు నడిస్తేనే బయటపడుతుంది, గచ్చు మీద నడిస్తే వాపసు పోతుంది.

ఇంత జరిగినా నాలుగో జతకు మళ్లీ అక్కడికే వెళ్లాను, ఎందుకంటే 42 ఇంకెక్కడా లేదు. ఈసారి పాట పాడటానికి ముందే అమ్మే ఆవిడకు మూడు ఫోటోలు అడిగాను: సైజు ముద్ర దగ్గర నుంచి తీసినది, హీలు చివర ఉండే చిన్న ముక్క ఎంత అరిగిందో చూపేది, లోపలి మెత్త మీద దర్జీ టేపు పరిచి తీసినది. ఇక్కడ దర్జీ టేపే కావాలి. హై హీల్ లోపలి భాగం వంపు తిరిగి ఉంటుంది కాబట్టి గట్టి స్కేలుతో కొలిస్తే మడమ నుంచి వేళ్ల దాకా అడ్డంగా కోసినట్టు కొలత వచ్చి, అసలు పొడవు కన్నా తక్కువ చూపిస్తుంది. మెత్తటి టేపు వంపు వెంట పోతుంది. మన పాదాన్ని కూడా సాయంత్రం పూట, రోజంతా తిరిగి కాస్త ఉబ్బిన తరువాత కొలుచుకోవాలి. మరో మాట, హీలు ఎత్తు అంగుళాల్లో చూసి భయపడనవసరం లేదు: నాలాంటి పొడవు పాదానికి నాలుగు అంగుళాల హీలు, 36 సైజు పాదానికి అదే హీలు ఉన్నంత నిటారుగా ఉండదు, ముందు ప్లాట్‌ఫామ్ ఉంటే ఆ మందం కూడా ఎత్తులోంచి తీసేసి లెక్క వేసుకోవచ్చు. ఆవిడ టేపు పరిచిన ఫోటోలో 26.8 కనిపించింది. 1,900కు దక్కిన ఆ నల్ల తోలు జతను డబ్బా విప్పే మొదటి క్షణం నుంచి ఆపకుండా వీడియో తీసి, దుప్పటి మీద తొడిగి, అడుగును బొటనవేలితో నాలుగు చోట్ల నొక్కి చూశాను. హీలు చివర్లు అరిగి ఉంటే పెద్దాయన 80 రూపాయలకు కొత్తవి వేశాడు.

పాట నడిపే తీరుకు ఈ వేదికకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను, వాపసుకు రెండు. కారణాల జాబితా సరిచేసి, సైజు ముద్ర ఫోటో లేనిదే వేలానికి ఒప్పుకోకూడదని నియమం పెడితే ఆ రెండు నాలుగవుతుంది. ఈ మాట ఫిర్యాదుల అధికారికి కూడా రాశాను, పరిశీలిస్తామని జవాబు వచ్చింది. గోధుమ రంగు దళసరి మడమ హీల్స్ ఒక జత గురువారం రాత్రి 9:40కి ముగిసే వేలంలో ఉంది. ముద్ర ఫోటో అడిగి రెండు రోజులైంది, ఇంకా పంపలేదు కాబట్టి నేను పాట పెట్టలేదు.