ఐదు స్టార్లు చూపించి అంటగట్టారు, ఆ స్టార్లు మా బండివి కావు: ఏడు సీట్ల కారు చూస్తున్నవాళ్లు ఒక్కసారి చదవండి

కోపంలో రాస్తున్నాను, వరస తప్పితే ఏమనుకోకండి. ఇప్పుడు రాయకపోతే ఇంకెవరో వెళ్లి ఆ కుర్చీలోనే కూర్చుని, ఆ వీడియోనే చూసి, సంతకం పెట్టేస్తారు.

ఫిర్యాదు పెట్టాను కాబట్టి బండి పేరు, డీలరు పేరు రాయడం లేదు. ఈ మధ్య ఏడు సీట్ల బళ్ల కోసం షోరూములు తిరుగుతున్నవాళ్లకి ఆ ట్యాబ్, ఆ వీడియో అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది.

ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, అత్తయ్యగారు, మామయ్యగారు. మూడో వరుస కావాలి. రంగు గురించి, సన్‌రూఫ్ గురించి, పెద్ద స్క్రీన్ గురించి నేను ఒక్క ప్రశ్న వేయలేదు. వేసింది ఒకటే: క్రాష్ టెస్టులో దీనికి ఎన్ని స్టార్లు వచ్చాయి? సేల్స్ అబ్బాయి వెంటనే ట్యాబ్ తీశాడు. బండి వచ్చి అడ్డుగోడని గుద్దుకుంది, లోపల డమ్మీ తల ఎయిర్‌బ్యాగులో మునిగి లేచింది, చివర్లో ఐదు స్టార్లు వెలిగాయి. "ఫైవ్ స్టార్ అక్కా. పిల్లల్ని ఎక్కించుకుని నిశ్చింతగా తిరగండి" అన్నాడు.

నేను అక్కడితో ఆగలేదు. వీడియోలో పక్క అద్దాల మీదుగా కర్టెన్ ఎయిర్‌బ్యాగులు దిగాయి, మేం తీసుకుంటున్న వేరియంట్‌లో ముందు రెండే ఉన్నాయి, మరి ఆ రేటింగ్ దీనికెలా వర్తిస్తుందని అడిగాను. అతని జవాబు పొల్లుపోకుండా గుర్తుంది. "టెస్టుకి ఎప్పుడూ బేస్ మోడలే తీసుకెళ్తారక్కా. బేస్ మోడల్‌కే ఐదు వచ్చాయంటే మీ దానికి రాకుండా ఉంటాయా?"

ఇందులో సగం నిజం ఉంది, అందుకే అది అంత చక్కగా నమ్మబలికింది. బళ్లని గుద్దించి చూసి స్టార్లిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ లాంటి సంస్థలు సాధారణంగా తక్కువ భద్రతా సామగ్రి ఉన్న వేరియంట్‌నే పరీక్షకి ఎంచుకుంటాయి. అతను మింగేసిన రెండో సగం ఏమిటంటే, ఆ వీడియోలో ఉన్నది ఇంకో దేశపు మార్కెట్‌కి తయారైన బేస్ మోడల్. అక్కడ బేస్ మోడల్‌కే ఆరు ఎయిర్‌బ్యాగులు.

ఇది నాకు బండి ఇంటికొచ్చాక తెలిసింది. పిల్లల సీటు ఎక్కడ బిగించాలో చూద్దామని, ఏ సీటుకి ఏది సరిపోతుందో చెప్పే పట్టిక కోసం అసలు టెస్టు రిపోర్టు తెరిచాను. మొదటి పేజీలోనే ఉంది. పరీక్షించిన బండిలో ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి అదుపు తప్పి జారకుండా ఆపే స్టెబిలిటీ కంట్రోల్, అన్ని సీట్లకీ మూడు పాయింట్ల బెల్టులు. ఏ మార్కెట్‌లో అమ్మే బండికి ఈ రేటింగ్ వర్తిస్తుందో కూడా స్పష్టంగా రాశారు. మా మార్కెట్ పేరు అందులో లేదు. వెతికితే, మా దగ్గర అమ్ముతున్న బండిని ఏ స్వతంత్ర సంస్థా పరీక్షించినట్టు ఒక్క రిపోర్టూ దొరకలేదు. వెళ్లి బండిలో చూశాను. రెండో వరుస మధ్య సీటుకి నడుము మీదుగా వెళ్లే బెల్టు ఒక్కటే, భుజం పట్టీ లేదు. చైల్డ్ సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు రెండో వరుస రెండు చివర్లా ఉన్నాయి, మూడో వరుసలో లేవు. అక్క రాసిన పరీక్ష మార్కులు చెల్లెలి కార్డు మీద వేసి చూపించినట్టు ఒకే పేరు, ఒకే ముఖం ఉన్న వేరే బండి స్టార్లు నాకు చూపించారు.

రిపోర్టు ప్రింటు తీసుకుని షోరూముకి వెళ్లాను. అసలు రాయాలనుకున్నది ఇదే.

అబ్బాయి కాగితాలు చూసి మాట్లాడకుండా లోపలికి వెళ్లి మేనేజరుని తీసుకొచ్చాడు. ఆ మనిషి కూర్చోమని కూడా అనలేదు. మొదటి పేజీ వంక చూసి, కాగితాలు బల్ల మీద పడేసి, "చూడమ్మా, మీరు బండి కొన్నది నడపడానికా, గుద్దడానికా?" అన్నాడు. పక్క బల్ల దగ్గరున్నవాళ్లు నవ్వారు. మాకు బండి అమ్మిన అబ్బాయీ నవ్వాడు. డెలివరీ రోజున మా చిన్నదాన్ని ఎత్తుకుని ఫొటో దిగినవాడు.

నేను మళ్లీ అడిగాను. మీవాడు ఐదు స్టార్లని చెప్పాడా లేదా? మేనేజరు అతని వైపు తిరిగాడు. ఆ అబ్బాయి నా ముఖంలోకి చూస్తూ, "నేను ఆ మోడల్ రేటింగ్ చూపించాను మేడమ్. మీ బండికి అని అనలేదు" అన్నాడు. అన్నాళ్లూ అక్కా, అక్కా అన్న నోరు. "మీ దానికి రాకుండా ఉంటాయా" అన్న అదే నోరు. నాకు మాట రాలేదు. చేతులు వణికాయి. ఈలోగా మేనేజరు, "మేమేమైనా రాసిచ్చామా? ప్రభుత్వం పాస్ చేయకుండా బండి రోడ్డు మీదకి వస్తుందా? ఇవన్నీ మీకు అర్థమయ్యేవి కావు గానీ, సార్‌ని పంపించండి, ఆయనతో మాట్లాడతాం" అన్నాడు. లోను నా పేరున ఉంది. రిజిస్ట్రేషన్ నా పేరున ఉంది. కట్టేది నేను.

అక్కడ నోరు పెగల్లేదు కాబట్టి ఆ జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఇవే మాటలు మీకూ చెప్తారు.

ప్రభుత్వం పాస్ చేయడం వేరు, స్టార్లు వేరు. చాలా దేశాల చట్టాలకి ఆధారమైన ఐక్యరాజ్యసమితి 94వ నిబంధన ప్రకారం ముందు భాగంలో 40 శాతం మాత్రమే తగిలేలా గంటకి 56 కిలోమీటర్ల వేగంతో బండిని గుద్దిస్తారు. పాసా, ఫెయిలా, అంతే. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్ష అదే తరహాలో 64 కిలోమీటర్ల దగ్గర జరుగుతుంది. ఎనిమిది కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ ఢీకొన్నప్పటి శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి 64 దగ్గర బండి తట్టుకోవాల్సింది 56 కన్నా దాదాపు 30 శాతం ఎక్కువ. మొదటిదాంట్లో పాసైన బండి రెండోదాంట్లో సున్నా తెచ్చుకోవచ్చు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ భారత మార్కెట్‌లోని ఐదు చిన్న కార్లని పరీక్షిస్తే ఐదింటికీ సున్నా వచ్చింది. అవన్నీ చట్టప్రకారం అమ్ముతున్న బళ్లే.

ఇక నడపడానికా, గుద్దడానికా అన్న మాట. ఎదురుగా వచ్చేవాడు నిద్రపోతే నా డ్రైవింగ్ ఏం చేస్తుంది? పక్క రోడ్డులోంచి లారీ దూసుకొస్తే? ముందు నుంచి తగిలితే బానెట్, ఇంజను, బంపర్ నలిగి కొంత దెబ్బని మింగుతాయి. పక్కనుంచి తగిలితే తలుపుకీ మనిషికీ మధ్య బెత్తెడు ఖాళీ. నలగడానికి అక్కడ ఏమీ ఉండదు. ఎయిర్‌బ్యాగు సెకనులో ఇరవయ్యో వంతు లోపే తెరుచుకుని తలకి అడ్డం పడాలి. అందుకే కర్టెన్ గురించి అంత అడిగాను. అది లేనిచోట పిల్ల తలకి అద్దం తగులుతుంది, లేదా అవతలి బండి తగులుతుంది.

ఆ సేల్స్ అబ్బాయి డోరు దబ్బుమని వేసి "బాడీ గట్టిదనం వినండి" అని కూడా అన్నాడు. పైరేకు మందంతో ప్రాణాలు నిలవవు. ముందు భాగం ఒక పద్ధతిలో నలిగిపోవాలి, మనుషులుండే గది మాత్రం నలగకూడదు. ఆ పని చేసేవి లోపలున్న పిల్లర్లు, గుమ్మాల కింది దూలాలు, నేల అడ్డకమ్మీలు, వాటికి వాడిన ఉక్కు. ఇవేవీ షోరూములో కంటికి కనిపించవు, చప్పుడుకి తెలియవు. రిపోర్టులో మాత్రం బాడీషెల్, అంటే బండి చట్రం, స్టేబుల్ (నిలబడింది) అనో, అన్‌స్టేబుల్ (నిలబడలేదు) అనో ఒక్క ముక్కలో రాస్తారు. నా మటుకు నాకు స్టార్ల కన్నా ముందు చూడాల్సిన ముక్క అదే.

ఒకే కంపెనీ ఒక్కో మార్కెట్‌కి ఒక్కో రకం బండి ఇస్తుందన్నది నా అనుమానం కాదు. 2016లో నిస్సాన్ వాళ్లవే రెండు కార్లు, అప్పట్లో మెక్సికోలో అమ్మిన సురు, అమెరికాలో అమ్మిన వెర్సా, భద్రతా సంస్థలు ఎదురెదురుగా గుద్దించి చూపించాయి. వెర్సాలో డ్రైవరు గది నిలబడింది. సురులో కూర్చున్న డమ్మీకి నమోదైనవి ప్రాణం పోయేంత గాయాలు.

స్టార్లకి తేదీ ఉంటుందన్నది కూడా ఎవరూ చెప్పరు. ఫియట్ పుంటోకి 2005లో, యూరప్‌లో ఇలాంటి పరీక్షలే చేసే యూరో ఎన్‌క్యాప్ ఐదు స్టార్లు ఇచ్చింది. అదే బండిని 2017లో అప్పటి ప్రమాణాలతో చూసి సున్నా ఇచ్చింది. కాబట్టి ఐదు స్టార్లు అని ఎవరైనా అంటే ఏ సంవత్సరంలో, ఏ నిబంధనల కింద అని అడగాలి. గ్లోబల్ ఎన్‌క్యాప్ కూడా 2022లో నిబంధనలు మార్చి పక్కనుంచి కొట్టే పరీక్ష, స్తంభానికి కొట్టే పరీక్ష, స్టెబిలిటీ కంట్రోల్ వంటివి పై రేటింగులకి తప్పనిసరి చేసింది. అంతకు ముందు వచ్చిన ఐదూ, తర్వాత వచ్చిన ఐదూ ఒకటి కావు.

తయారుచేసేవాళ్ల దగ్గరే ఎంత జరగొచ్చో తెలియాలంటే జపాన్ కార్ల కంపెనీ దైహత్సు సంగతి చదవండి. ధ్రువీకరణ పరీక్షల్లో అక్రమాలు 64 మోడళ్లలో బయటపడ్డాయని 2023 డిసెంబరులో వాళ్లే ఒప్పుకున్నారు. కొన్ని పరీక్షల్లో ఎయిర్‌బ్యాగుని సెన్సరుతో కాకుండా టైమరుతో తెరిపించారు. ఎయిర్‌బ్యాగు తనంతట తాను సమయానికి తెరుచుకుంటుందా అని తేల్చడానికే కదా ఆ పరీక్ష!

కుటుంబాలు కొనే బళ్ల విషయంలో నన్ను అన్నిటికన్నా కుదిపింది మాత్రం వెనక సీట్ల సంగతి. ఈ పరీక్షల్లో పెద్దల డమ్మీలు ఎక్కువగా ముందు సీట్లలో, పిల్లల డమ్మీలు రెండో వరుసలో ఉంటాయి. మూడో వరుస మామూలుగా ఖాళీ. మనం మాత్రం పిల్లల్నో, పెద్దవాళ్లనో తీసుకెళ్లి అక్కడే కూర్చోబెడతాం, వెనక అద్దానికి జానెడు దూరంలో. అమెరికాలోని హైవే సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ 2022లో తన ముందు ఢీ పరీక్షని మార్చి డ్రైవరు వెనక సీట్లో కూడా ఒక డమ్మీని పెట్టింది, చిన్న ఆకారపు స్త్రీ లేదా పన్నెండేళ్ల పిల్ల పరిమాణంలో. 2023లో నాలుగు మినీవ్యాన్లని అలా పరీక్షిస్తే ఒక్కదానికీ మంచి రేటింగ్ రాలేదు. అవి పిల్లలున్న ఇళ్లవాళ్ల కోసమని అమ్మే బళ్లు. బెల్టుని క్షణంలో బిగించే ప్రిటెన్షనరు, ఛాతీ మీద ఒత్తిడి తగ్గించడానికి పట్టు కాస్త వదిలే లోడ్ లిమిటరు ముందు సీట్లకి ఇచ్చి వెనక సీట్లకి ఇవ్వని బళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. మీరు చూస్తున్న బండిలో వెనక ఉన్నాయా అని అడిగితే సేల్స్‌వాళ్లు "అన్నీ ఉంటాయి" అంటారు. అది జవాబు కాదు, స్పెసిఫికేషన్ కాగితంలో చూపించమనండి.

కంపెనీకి మెయిల్ పెట్టాను, వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు చేశాను. బుకింగ్‌కి ముందు ఆ అబ్బాయి పంపిన వీడియో, కింద "మన బండే అక్కా" అన్న మెసేజీ నా ఫోనులో భద్రంగా ఉన్నాయి. రాసిచ్చామా అన్నారు కదా, అదే రాతపూర్వకం. ఆ మెసేజీ తీసేయమని నిన్న ఫోను కూడా వచ్చింది. తీసేయను.

కొనబోయేవాళ్లు వీడియో కాదు, పూర్తి రిపోర్టు అడగండి. అందులో సంవత్సరం, మార్కెట్, ఎయిర్‌బ్యాగుల సంఖ్య, బాడీషెల్ మీద వ్యాఖ్య చూసి మీ కొటేషన్‌తో పక్కపక్కన పెట్టుకోండి. పెద్దల రేటింగ్, పిల్లల రేటింగ్ వేరువేరుగా ఉంటే రెండూ చూడండి, వాళ్లు ఎక్కువ వచ్చినదాన్నే చెప్తారు. "ఈ వేరియంట్‌కి ఈ రేటింగ్ వర్తిస్తుంది" అని మెయిల్‌లో రాయమనండి, రాయనంటే అక్కడినుంచి లేచి రండి. మీ చైల్డ్ సీటు తీసుకెళ్లి, డబ్బు కట్టకముందే ప్రతి వరుసలోనూ బిగించి చూడండి.

ఇంకొకటి, వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటుని ముందు సీట్లో పెట్టేవాళ్లు ఆ వైపు ఎయిర్‌బ్యాగు ఆపే స్విచ్చి ఉందో లేదో చూడండి. మా బండిలో లేదు. లేకపోతే ఆ సీటు ముందు పెట్టనే కూడదు, ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే దెబ్బ నేరుగా పసిబిడ్డ తల వెనక తగులుతుంది.