ఫ్రీబీఎండీ: కొన్నేళ్లు వాడాక

మా అత్తగారిది ఇంగ్లండ్‌లో లాంకషైర్ ప్రాంతంలోని బర్న్‌లీ. ఆవిడ అమ్మమ్మ అక్కడి నూలు మిల్లులో మగ్గాల మీద పనిచేసింది. ఆస్తి లేదు, వీలునామా లేదు, పేపర్లో పేరు పడిందీ లేదు. అలాంటి మనిషి ఆనవాళ్లు పట్టడానికి ఫ్రీబీఎండీ అనే వెబ్‌సైటును కొన్నేళ్లుగా వాడుతున్నాను.

ఇంగ్లండ్, వేల్స్‌లో జనన మరణాలు, పెళ్లిళ్లు 1837 జూలై నుంచి ప్రభుత్వ రిజిస్టర్లలో ఉన్నాయి. వాటి సూచికలను (పేర్ల ఇండెక్సులను) వాలంటీర్లు టైపు చేసి ఉచితంగా పెట్టిన సైటు ఇది. రూపం పాతకాలందే, పని మాత్రం చకచకా అవుతుంది.

ఆడవాళ్ల విషయంలో అసలు చిక్కు పెళ్లి దగ్గరే. ఇంటిపేరు మారిపోతుంది. 1912కి ముందు పెళ్లిళ్ల సూచికలో ఎవరిని చేసుకుందో ఉండదు. ఫ్రీబీఎండీలో రిజిస్టరు పేజీ నంబరు నొక్కితే ఆ పేజీలో ఉన్న పేర్లన్నీ వస్తాయి, భర్త పేరు వాటిలోనే ఉంటుంది. మాకు ఇద్దరు మగవాళ్లు తేలారు. జనాభా లెక్కల్లో ఎవరింట్లో ఈ పేరుగల భార్య ఉందో చూస్తే తేలిపోయింది.

అయితే దీంతోనే పనంతా అవదు. 1911 జనాభా లెక్కల్లో ఇంటి యజమాని చేత్తో నింపిన ఫారమే మనకు కనిపిస్తుంది. పెళ్లయిన ఆడవాళ్లకు ఎందరు పుట్టారు, ఎందరు ఉన్నారు, ఎందరు పోయారు అని అందులో మూడు గడులు. ఈవిడ వరసలో తొమ్మిది, అయిదు, నాలుగు. పోయిన నలుగురి సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. రెండు లెక్కల మధ్య పుట్టి పోయిన పిల్లలు ఏ లెక్కకూ ఎక్కరు కదా! ఫ్రీబీఎండీలో ఉన్న పాత సూచికలో తల్లి పుట్టింటిపేరు 1911 మధ్య నుంచే ఉంది. ఈ రిజిస్టర్లను చూసే ప్రభుత్వ కార్యాలయం జనరల్ రిజిస్టర్ ఆఫీసు. దాని కొత్త ఆన్‌లైన్ సూచికలో 1837 నుంచీ ఉంది, మరణాలకు వయసు కూడా. అకౌంటు ఉచితమే. అక్కడ రెండు ఇంటిపేర్లూ కలిపి వెతికితే నలుగురూ దొరికారు. పోయిన ఒక పాప పేరే తర్వాత పుట్టిన పాపకీ పెట్టారు. ఆ రెండో పాపే మా అత్తగారి అమ్మ.

డబ్బు కట్టే సైట్లలో ఎవరెవరో పెట్టిన వంశవృక్షాలను ఊరికే నమ్మకండి. ఒకదాంట్లో ఈవిడకు వేరే జిల్లా మనిషితో పెళ్లి చేసేశారు! జనాభా లెక్కల కోసం ఆ సైట్లు కావాలంటే బ్రిటన్‌లో ఉన్నవాళ్లు ముందు ఊరి లైబ్రరీలో అడగండి, చాలాచోట్ల ఉచితంగా చూడనిస్తారు.

నా మార్కులు అయిదుకి నాలుగు. ఇటీవలి దశాబ్దాల సూచికలను టైపు చేయడం ఇంకా పూర్తికాలేదు, అందుకే ఒకటి తగ్గించాను. 1837కి ముందు కాలానికి చర్చి రిజిస్టర్లే గతి. లాంకషైర్ వాళ్లయితే చర్చి రిజిస్టర్ల వివరాలు ఉండే ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ సైటు చూడండి, అదీ ఉచితమే.