లాలాగూడ ఫ్రేజర్లు, ఇన్వర్నెస్ ఫ్రేజర్లు

నా స్నేహితురాలిది లాలాగూడ ఆంగ్లో ఇండియన్ కుటుంబం. ఇంటిపేరు ఫ్రేజర్. తాము లార్డ్ లోవాట్ వంశమని వాళ్ళ నానమ్మ నమ్మకం. ఆ లార్డు, సైమన్ ఫ్రేజర్, పదవి పోయిన స్టూవర్ట్ రాజవంశాన్ని తిరిగి గద్దెనెక్కించాలన్న జాకొబైట్ల తిరుగుబాటులో దొరికిపోయి 1747లో లండన్ టవర్ హిల్ మీద తల పోగొట్టుకున్న పెద్దమనిషి. సంగతేమిటో తేల్చుకుందామని నా స్నేహితురాలు స్కాట్లాండ్ బయల్దేరితే నేనూ తోడు వెళ్ళాను.

ఎడిన్‌బరోలో వేవర్లీ స్టేషన్ బయటికి రాగానే జనరల్ రిజిస్టర్ హౌస్. అందులోనే పాత జనన, వివాహ, మరణ రికార్డులు చూసుకునే స్కాట్లాండ్స్‌పీపుల్ సెంటర్. సీటు ముందే బుక్ చేసుకోవాలి, రోజుకు 15 పౌండ్లు. ఇంటినుంచి వెబ్‌సైట్‌లో చూస్తే ఒక్కో పేజీకి పౌండున్నర పడుతుంది, ఇక్కడ ఎన్ని తెరిచినా అదే డబ్బు. 1855 నుంచి ప్రభుత్వ రికార్డులు కాబట్టి చనిపోయినవాళ్ళ అమ్మానాన్నల పేర్లు కూడా దొరుకుతాయి. అంతకు ముందువి చర్చి పుస్తకాలు. ఇన్వర్నెస్ దగ్గరి కిల్టార్లిటీ పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ళు) పేజీలు తిప్పుతుంటే అలెగ్జాండర్ ఫ్రేజర్ తర్వాత అలెగ్జాండర్ ఫ్రేజర్! చేతిరాత అర్థం కానిచోట సిబ్బంది ఓపిగ్గా చదివి పెట్టారు.

ఎడిన్‌బరో పాత వీధి రాయల్ మైల్ దుకాణాల్లో 'మీ వంశ చిహ్నం' అంటూ ఫ్రేములు అమ్ముతారు. ముచ్చటకైతే కొనుక్కోండి. స్కాట్లాండ్ చట్టం ప్రకారం అలాంటి చిహ్నం ఒక మనిషిది, ఇంటిపేరుది కాదు. ఎవరికి ఏది ఇచ్చారో ఆ చిహ్నాల వ్యవహారం చూసే లయన్ కోర్టు 1672 నుంచి రిజిస్టరులో రాస్తోంది. ఆగస్టులో కళోత్సవాల రోజులు కావడంతో నగరం నడిబొడ్డున గదుల అద్దె వింటేనే గుండె ఆగింది. నగరం అంచున రేవు ప్రాంతం లీత్‌లో దిగాం, ట్రామ్ ఉంది, ఇబ్బంది లేదు.

ఇన్వర్నెస్‌కు రైల్లో మూడున్నర గంటలు. నెస్ నది ఒడ్డున ఒక చిన్న బీ అండ్ బీ (పడక, పొద్దుటి టిఫిను ఇచ్చే ఇల్లు). గది ఇరుకే గానీ పొద్దున్నే వేడి ఓట్స్ జావ, ఇంటి యజమానురాలి కబుర్లు బాగున్నాయి. మొత్తం ప్రయాణంలో సార్థకమైన ఖర్చంటే హైలాండ్ ఆర్కైవ్ సెంటర్‌లో వంశవృక్ష నిపుణుడికి కట్టిన ఫీజే. జమీందారు ఇచ్చే బస్తాడు పిండికి ఆశపడి ఫ్రేజర్ పేరు పెట్టుకున్న రైతులు ఆ చుట్టుపక్కల చాలామందే ఉన్నారని చెప్పుకుంటారట. పేరు కలిసినంత మాత్రాన జమీందారు బంధువులైపోతామా మరి!

1746లో జాకొబైట్లు ఓడిపోయిన కలోడెన్ యుద్ధ మైదానంలో తిరగడానికి టికెట్ లేదు, మ్యూజియంకే. ఫ్రేజర్ల పేరు చెక్కిన రాయి ముందు నా స్నేహితురాలు చాలాసేపు నిలబడింది. అవి 1746 నాటి రాళ్ళు కావు, 1881లో పెట్టినవి. కిర్క్‌హిల్‌లో లోవాట్ లార్డుల వార్డ్‌లా సమాధి మందిరానికి ముందుగా అడిగి వెళ్ళాలి, టాక్సీ తప్పదు. అయినా వెళ్ళండి. లార్డుగారిదనుకున్న శవపేటికలో ఎముకలను 2018లో పరీక్షిస్తే ఎవరో యువతివని తేలింది!

మన దగ్గర్నుంచి వెళ్ళేవాళ్ళు ముందు ఫైండ్‌మైపాస్ట్ వెబ్‌సైట్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ బాప్టిజం, పెళ్ళి పుస్తకాలు, తర్వాత ఈస్టిండియా కంపెనీ సైనికుల పట్టీలు చూసుకోండి. సైనికుడి సొంత పారిష్ పేరు చేతిలో లేకపోతే ఎడిన్‌బరోలో కట్టే ఆ 15 పౌండ్లూ దండగే.